తెల్లగానే ఉన్న కాగితం

చలి గురించీ ఆకలి గురించీ పోయినవారం బోలెడు ఏకరువు పెట్టాను. మళ్ళీ ఆ సోది ఎత్తుకోను. ఎర్లెన్‌బెక్‌లో మా కార్ఖానా ఇంకా నడుస్తోంది, అదొక్కటీ గుర్తుంటే చాలు. ఒకప్పుడు పదహారు కొలుములుండేవి. బాంబులకి తొమ్మిది పోయాయి. కొత్త కోబాల్టు దొరక్క ఆరు చల్లారాయి. మిగిలింది ఏడో నంబరు. ఈ గురువారం, 1947 ఫిబ్రవరిలో ఎముకలు కొరికే ఈ గురువారం, పొద్దున పదకొండు గంటలకి, యుద్ధం గెలిచి మమ్మల్ని ఏలుతున్న బ్రిటిష్ అధికారులు వచ్చి దాన్ని చూస్తారు. కొలిమి నడుస్తూ, కింద మైనం కారుతూ కనిపిస్తే మా పేరు కూల్చివేత జాబితాలోంచి కొట్టేసి సబ్బుల జాబితాలో రాస్తారు. చల్లారి కనిపిస్తే సోమవారం నుంచే మరలు విప్పుతారు. మూడు వందల నలభై మందిమి వీధిన పడతాం. బరువుపని రేషన్ కార్డు పోతుంది. ఆ కార్డు మీద వచ్చే కాస్త కొవ్వూ, ఆ అదనపు రొట్టె ముక్కా లేకుండా ఈ చలికాలం దాటేవాళ్ళు మాలో ఎందరో నేను చెప్పలేను.

నేను, ప్రయోగశాల విల్మాని, బుధవారం సాయంత్రం ఏడో కొలిమి అంకె చూసి పెన్సిలు కింద పడేసుకున్నాను కదా. ఆ అంకె అరవై ఒకటి. గురువారం పొద్దున ఎనిమిదికి చూస్తే యాభై నాలుగు.

ఆ అంకె మా ప్రాణం. కోకు బొగ్గు మీద ఆవిరి ఊదితే కార్బన్ మోనాక్సైడూ హైడ్రోజనూ కలిసిన గ్యాసు వస్తుంది. దాన్ని కోబాల్టు గుళికల మధ్య నుంచి నూట తొంభై డిగ్రీల వేడిలో నెమ్మదిగా కిందికి దింపితే ఆ రెండూ కలిసి నూనెగా, మైనంగా మారిపోతాయి. కంటికి కనబడని గాలి పైన పోస్తే కింద వెన్నలాంటిది కారుతుంది. పదేళ్ళుగా చూస్తున్నా నాకు ఇప్పటికీ నమ్మబుద్ధి కాదు. యుద్ధంలో దాంతో లారీలు నడిపారు. ఇప్పుడు ఆ మైనంతోనే సబ్బు చేస్తామంటున్నారు, రొట్టె మీద రాసుకునే కొవ్వు కూడా చేస్తామంటున్నారు. రేషన్‌లో ఇచ్చే మట్టి సబ్బుతో చేతులు రుద్దితే సబ్బు అరగదు, చేతులే అరుగుతాయి. అందుకే బ్రిటిష్‌వాళ్ళు కూడా కాస్త మెత్తబడ్డారు. వంద పాళ్ళ గ్యాసు లోపలికి పోతే ముప్ఫై పాళ్ళే బయటికి రావాలి. కుంచించుకుపోయిన డెబ్బయ్యీ సరుకైపోయినట్టు లెక్క. ఆ డెబ్బై ఇప్పుడు యాభై నాలుగైంది.

ఎనిమిదీ పదికల్లా డాక్టర్ ల్యూడర్స్ కొలిమి పక్కన నిలబడి ఉన్నాడు. కార్ఖానాలో రసాయనాల పెద్ద ఆయనే. యుద్ధానికి ముందు చక్కటి పొట్ట ఉండేది. ఇప్పుడు పొట్ట పోయింది కానీ కోటు మాత్రం దాన్ని మరిచిపోలేదు.

“విల్మా గారూ, గంధకం సంగతేమిటి?” అన్నాడు.

“కాగితం తెల్లగానే ఉందండీ. వారం పైనుంచీ తెల్లగానే ఉంది.”

కోబాల్టుకి గంధకమంటే విషం. గ్యాసులో పిసరంత గంధకం మిగిలినా గుళికలు పైనుంచి ఒక్కో పొరే చచ్చిపోతాయి. అందుకే గ్యాసుని కొలిమికి పంపేముందు శుద్ధి పెట్టెల గుండా నడుపుతాం. శుద్ధి సరిగ్గా అయిందో లేదో చెప్పేది నా కాగితం. సీసం ఉప్పు కలిపిన నీళ్ళలో వడపోత కాగితం ముంచి, ఆరబెట్టి, గ్యాసు దారిలో అయిదు నిమిషాలు వేలాడదీస్తాను. గంధకం ఉంటే గోధుమరంగు తిరుగుతుంది. తెల్లగా ఉంటే గ్యాసు శుభ్రం. ఇంతకంటే సులువైన పని ఈ కార్ఖానాలో లేదు.

“అయితే తప్పు గ్యాసుది కాదు. గుళికలు ముసలివైపోయాయి, అంతే,” అన్నాడు డాక్టర్. “వేడి పెంచితే అంకె లేస్తుంది. ఏమయ్యా ఆగస్ట్, పదిన్నరకి ఆవిరి ఒత్తిడి ఒక గీత పెంచు. బ్రిటిష్ మేజర్ గారు వచ్చేసరికి అరవై దాటాలి.”

కొలిమి చుట్టూ గొట్టాల్లో నీళ్ళు మరుగుతుంటాయి. ఆవిరి ఒత్తిడి పెంచితే కొలిమి వేడెక్కుతుంది, తగ్గిస్తే చల్లబడుతుంది. ఆ చక్రం మీద చెయ్యేసే హక్కు ఆగస్ట్ డ్రైలింగ్ ఒక్కడికే ఉంది. కొలిమి మేస్త్రీ, అరవై ఏళ్ళవాడు. నేను బాబాయ్ అంటాను. ఏడో కొలిమిని ఆయన పెంచినంత శ్రద్ధగా ఎవడూ కన్నకూతుర్ని కూడా పెంచడు. ఆ కన్నకూతురు హానె నాతోపాటే ప్రయోగశాలలో పని చేస్తుంది కాబట్టి ఈ మాట ధైర్యంగా అనగలను.

“మనిషి ఒక్క వారంలో ముసలాడవడు డాక్టర్ గారూ,” అన్నాడు డ్రైలింగ్. “నాకు అరవై ఏళ్ళు పట్టింది.”

“హాస్యానికి ఇదా సమయం?”

“హాస్యం కాదండీ. గంధకం తిన్న కొలిమిని వేడి చేస్తే అదుపు తప్పుతుంది. లోపలంతా మసి పట్టి బిగుసుకుపోతుంది. సాయంత్రానికి గునపం పెట్టి తవ్వుకోవాలి.”

“గంధకం లేదని కాగితం చెబుతుంటే నీకెందుకయ్యా అనుమానం?”

డ్రైలింగ్ నా వైపు తిరిగాడు. ఆయన కళ్ళ కింద గుంటలు పడ్డాయి. “నీ కాగితం అబద్ధమాడదు కదమ్మాయ్?”

“నా కాగితమా? నా మాటైనా అబద్ధమవుతుందేమో గానీ నా కాగితం కాదు,” అన్నాను గొప్పగా.

ఆ మాట ఇప్పుడు తలుచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

“సరే. నువ్వంటే సరే. పదిన్నరకి పెంచుతా,” అని ఆయన చక్రం వైపు నడిచాడు. ఎడమ కాలు ఈడుస్తున్నాడు.

“కాలికేమైంది బాబాయ్?”

“చలికి పట్టేసింది లేవే. వెళ్ళు, వెళ్ళి నీ పని చూసుకో.”

ప్రయోగశాలకి వెళ్ళాలంటే గ్యాస్ ఇంటి ముందు నుంచి పోవాలి. శుద్ధి పెట్టెలన్నీ ఉండేది అందులోనే. దాని తలుపు పక్కన గోడకి చెక్క పలక, పలక మీద జతలు జతలుగా మేకులు. లోపలికి పోయేవాడు తన ఇత్తడి బిళ్ళ ఒక మేకుకి తగిలిస్తాడు, వాడి జతగాడు పక్క మేకుకి తన బిళ్ళ తగిలిస్తాడు. ఒంటరిగా ఎవరూ పోకూడదు. శుద్ధి కాని గ్యాసు కుళ్ళిన గుడ్డు కంపు కొడుతుంది, దాంతో భయం లేదు, ముక్కు మూసుకుని పారిపోవచ్చు. శుద్ధి అయిన గ్యాసుకే రంగూ లేదు, వాసనా లేదు. నాలుగు గుక్కలు పీలిస్తే మోకాళ్ళు వంగిపోతాయి. అందుకే పలక మీద ఒంటి బిళ్ళ కనిపిస్తే, చూసినవాళ్ళెవరైనా సరే, పక్కనున్న గంట తాడు లాగాలి. గంట మోగితే గ్యాసు మొత్తం ఆపేస్తారు. మామూలు రోజుల్లో మళ్ళీ అంటించుకునేవాళ్ళం. ఇప్పుడు అంటించడానికి కోకు లేదు, గంటసేపు ఆగితే నీళ్ళ గొట్టాలన్నీ గడ్డకట్టి పగిలిపోతాయి. ఆ పొద్దున పలక ఖాళీగా ఉంది. గ్యాస్ ఇంట్లో పని చేసే కుబల్లా బంగాళాదుంపలకి మార్చుకుందామని మూడు దుప్పట్లు భుజానేసుకుని పల్లెల మీదికి పోయాడు. నిన్న రావలసినవాడు, రాలేదు.

ప్రయోగశాలలో హానె కుప్పెలు కడుగుతోంది. పొయ్యి మీద, కాఫీ గింజలు దొరక్క, ఓక్ కాయల కాఫీ మరుగుతోంది. నేను కోటు కూడా విప్పకుండా కూర్చుని అంకెల పుస్తకం తిరగేశాను. డెబ్బై, డెబ్బై, అరవై తొమ్మిది, అరవై ఎనిమిది. అక్కణ్ణుంచి జారుడే జారుడు. జారడం మొదలైన రోజు ఏం జరిగిందా అని చూస్తే పక్కన నా రాతలోనే ఉంది. ‘కోకు వేరే గని నుంచి వచ్చింది.’

కొత్త గని కోకులో గంధకం ఎక్కువ ఉంటే శుద్ధి పెట్టె తొందరగా నిండిపోతుంది. నిండిపోతే కాగితం చెప్పాలి. చెప్పలేదు. ఎందుకు చెప్పలేదు?

బల్ల మీదున్న కాగితం ముక్క ఒకటి తీసుకుని గోడ దగ్గరున్న ఒకటో నంబరు కుళాయికి పట్టుకున్నాను. అందులో వచ్చేది శుద్ధి కాని గ్యాసు, కంపు గ్యాసు. దాని ముందు పెడితే కాగితం రెప్పపాటులో బొగ్గులా నల్లబడాలి. రోజూ పొద్దున ముంచిన కాగితాల్లో ఒకదాన్ని ఇలా పరీక్షించి చూడాలన్నది రూలు. కాగితాలు దొరకడం లేదు కదా, రోజుకొకటి మిగులుతుంది కదా అని నవంబరు నుంచి ఆ రూలు నేనే ఎత్తేశాను.

అయిదు లెక్కపెట్టాను. పది లెక్కపెట్టాను. ముప్ఫై.

కాగితం తెల్లగానే ఉంది.

“హానె,” అన్నాను. “హానె! సీసం నీళ్ళ సీసా ఇలా తే.”

వెనక ఏదో కుప్పె జారి పగిలింది. తిరిగి చూస్తే ఆ పిల్ల గోడకి ఆనుకుని నిలబడిపోయింది. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

“అక్కా, నేను చెబుదామనే అనుకున్నా.”

“ఏం చెబుదామనుకున్నావ్?”

“రోజూ సగం సీసా తీశా. తీసినంత నీళ్ళు పోసేశా. సీసా నిండుగానే ఉంది కదా, ఏమవుతుందిలే అనుకున్నా.”

“రోజూనా? ఎన్నాళ్ళుగా?”

“తొమ్మిది రోజులు.”

లేచి వెళ్ళి దాని భుజాలు పట్టుకుని కుదిపేశాను. “నీకు మతి ఉందా లేదా? అమ్ముకున్నావా? ఎవడికమ్మావ్, చెప్పు! మూడు వందల నలభై మంది నోట్లో మట్టి కొట్టావు కదే!”

“అమ్మలేదక్కా! ఒట్టు! నాన్న కాలికి!” అని భోరుమంది. “మైనం దించుతుంటే తొట్టి ఒలికింది. మోకాలి కింద నుంచి పాదం దాకా తోలు ఊడొచ్చింది. మందుల షాపులో మందు లేదు, ఆసుపత్రిలో కట్టుగుడ్డే లేదు. కాలినదానికి సీసం నీళ్ళ కట్టే కదక్కా ఎవరింట్లోనైనా? మీ అమ్మ కట్టలేదా నీకు? మా అమ్మ మంచం మీద నుంచి అదే చెప్పింది, సీసం నీళ్ళు తేవే, సీసం నీళ్ళు తేవే అని.”

కట్టింది. నా చీలమండ బెణికినప్పుడు మా అమ్మా కట్టింది. మా అమ్మమ్మ అన్నింటికీ అదే కట్టేది. ఈ ఊళ్ళో ఆ కట్టు ఎరగని ఇల్లు లేదు. దాని భుజాల మీంచి నా చేతులు వాటంతటవే జారిపోయాయి.

“కార్ఖానా డాక్టరుకి చూపించలేకపోయాడా?”

“చూపిస్తే పనిలోంచి దింపేస్తారు. బరువుపని కార్డు లాక్కుని మామూలు కార్డు చేతిలో పెడతారు. అమ్మకి పోసే సూపంతా నాన్న కార్డు మీదే కదా. ఎవ్వరికీ చెప్పొద్దని నాతో ఒట్టేయించుకున్నాడు.”

“సీసం నీళ్ళు ఎక్కడివని అడగలేదా ఆయన?”

“మందుల షాపులో దొరికాయని చెప్పా.”

“అవును, అదే చెప్పావు నాతో,” అంది తలుపు దగ్గర ఒక గొంతు.

డ్రైలింగ్. తొమ్మిది గంటల అంకె కోసం వచ్చాడు. ఎంతసేపై అక్కడ నిలబడ్డాడో తెలియదు. టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు, చర్చిలోకి వచ్చినవాడిలా.

“నాన్నా...”

“ఊరుకో.”

ఆయన కుంటుకుంటూ వచ్చి నా కుర్చీలో కూర్చున్నాడు. ప్యాంటు కాలు పైకి లాగాడు. మోకాలి నుంచి పాదం దాకా చుట్టిన కట్టు, తొమ్మిది రోజులుగా అదే గుడ్డని రోజూ సీసం నీళ్ళలో తడిపి కట్టింది, ఇంకా తడిగా ఉంది. పళ్ళు బిగబట్టి దాన్ని విప్పాడు. చివరి చుట్టు దగ్గర గుడ్డ చర్మాన్ని వదల్లేదు. లాగేశాడు. హానె ముఖం తిప్పేసుకుంది. నేనూ తిప్పుకునేదాన్నే, కానీ ఆ మనిషి నా కళ్ళలోకే చూస్తున్నాడు.

“ఇందులో పేరుకుని ఉందిగా నీ సీసమంతా. పట్టు, కొలిమికి పోయే గ్యాసుకి పట్టు. చూద్దాం.”

గుడ్డ శుభ్రంగా ఉన్న పైచుట్టు నుంచి ఒక పేలిక కత్తిరించాను. నాలుగో నంబరు కుళాయి తిప్పాను. అది శుద్ధి అయ్యి, ఏడో కొలిమికి పోయే గ్యాసు. గుడ్డ ముక్కని దాని ముందు వేలాడదీశాను.

అయిదు నిమిషాలు అవసరం రాలేదు. ఒక్క నిమిషానికే అంచు పసుపుపచ్చగా తిరిగింది. మూడో నిమిషానికి గుడ్డంతా గోధుమరంగు, మాడిన రొట్టె రంగు.

తొమ్మిది రోజులుగా కొలిమికి మేము విషం తాగిస్తున్నాం. పైగా ‘శుభ్రం’ అని రోజూ పుస్తకంలో సంతకం పెట్టాను నేను.

డ్రైలింగ్ నవ్వాడు. నవ్వంటే నవ్వు కాదు, దగ్గు లాంటిది. “చూశావా అమ్మాయ్. పదేళ్ళు దాన్ని కాపాడా. బాంబులు పడుతుంటే దాని పక్కనే పడుకున్నా. ఆఖరికి నా కాలే దాని నోట్లో మన్ను పోసింది.”

“నా తప్పు నాన్నా.”

“నీ తప్పు కాదే. నేనే ఆ తొట్టి దగ్గర ఒళ్ళు దగ్గర పెట్టుకోవాల్సింది.”

“నాది,” అన్నాను. “రోజూ ఒక్క కాగితం ఖర్చు పెట్టుంటే మొదటి రోజుల్లోనే తెలిసేది.”

“మనం ముగ్గురం కూర్చుని తప్పు పంచుకుంటూ ఉంటే మేజర్ గారు వచ్చి మనకి బిస్కెట్లు పెట్టి పోతాడు,” అంటూ ఆయన లేచాడు. అప్పటికి ఆయన ముఖం మారిపోయింది. కొలిమి దగ్గరుండే ముఖం అది. “విను. గుళికలన్నీ చావలేదు. గంధకం పైపొరనే తింటుంది, కిందిది ఇంకా బతికే ఉంది. అందుకే యాభై నాలుగైనా వస్తోంది. విషం ఆపితే ఈ పూటకి ఇక దిగదు. మైనం కారుతుంది. వాళ్ళకి కనబడాల్సింది కారే మైనమే.”

“ఎలా ఆపుతాం?”

“ఇప్పుడు నడుస్తున్న రెండో శుద్ధి పెట్టె నిండిపోయింది. మూడో పెట్టె ఉంది కదా, అక్టోబరులో కొత్త మందు నింపాం, ముట్టుకోలేదు. గ్యాసుని అందులోకి మళ్ళిస్తే సరి.”

“దాని చక్రం గ్యాస్ ఇంట్లో గుంటలో ఉంది బాబాయ్. ఆ గుంటలో గొట్టం బాంబు దెబ్బకి చీలింది. గ్యాసు కారుతోందనే కదా మూసేశారు?”

“గ్యాసు ముసుగు వేసుకుని దిగొచ్చు.”

“ముసుగుల్లో పెట్టే మందు డబ్బాలు క్రిస్మస్ నాటికే అయిపోయాయి. నీకూ తెలుసు.”

“కుబల్లా దగ్గర ఒకటి దాచి ఉంది,” అన్నాడు చటుక్కున. “వాడు పొద్దున్నే వచ్చేశాడు, ఇప్పుడే చూశా. ఇద్దరం కలిసి దిగుతాం. రూలు ప్రకారం. సరేనా? నువ్వు పోయి కొలిమి ఆవిరి చక్రం దగ్గర నిలబడు. నేను లేనప్పుడు డాక్టర్ ఆవిరి పెంచితే అంతా వృథా. హానె, మిగిలిన గుడ్డ పేలికలు కత్తిరించి పెట్టు. పదింపావు నుంచి నాలుగో కుళాయి దగ్గర ఒకటి వేలాడదీస్తూ ఉండు.”

తలుపు దాకా వెళ్ళి ఆగాడు. కూతురి దగ్గరికి వెనక్కి వచ్చి, సబ్బు లేక పగిలిపోయిన ఆమె చేతులు రెండూ తన చేతుల్లోకి తీసుకుని ఒకసారి నొక్కి వదిలేశాడు. “కట్టు బాగా కట్టావే,” అన్నాడు. “నొప్పి తగ్గింది.”

నేను నమ్మేశాను. కుబల్లా వచ్చాడంటే నమ్మేశాను. నాకు ఆ క్షణంలో అలాంటి మాటే కావలసి వచ్చింది, అందుకే నమ్మాను.

పదింపావుకి డాక్టర్ ల్యూడర్స్ కొలిమి దగ్గరికొచ్చి, మేస్త్రీ కనబడక తనే చక్రం మీద చెయ్యేయబోయాడు. నేను అడ్డంగా నిలబడ్డాను.

“జరగండి విల్మా గారూ.”

“జరగనండీ.”

“ఏమిటీ?”

“గ్యాసులో గంధకం ఉంది. కాగితాలు తొమ్మిది రోజులుగా గుడ్డివి. సీసం నీళ్ళు పలచబడిపోయాయి, నేను చూసుకోలేదు. ఇప్పుడు మీరు వేడి పెంచితే మేజర్ గారి కళ్ళ ముందే కొలిమి చస్తుంది.” హానె పేరు ఎత్తలేదు.

ఆయన కోటు గుండీ ఒకటి పట్టుకుని తిప్పసాగాడు. తిడతాడనుకున్నాను. తిట్టలేదు. “నాకు ఎముకల్లో కూడా చలి పట్టేసింది విల్మా గారూ,” అన్నాడు, చిన్న పిల్లాడు ఫిర్యాదు చేసినట్టు. “పొద్దుట్నుంచి ఆలోచన సాగడం లేదు. ఇప్పుడేం చెయ్యమంటారు?”

“డ్రైలింగూ కుబల్లా మూడో పెట్టె తెరుస్తున్నారు. మీరు గేటు దగ్గరికి వెళ్ళి వచ్చినవాళ్ళకి నిదానంగా కార్ఖానా చూపించండి. పాత కొలుములు ముందు చూపించండి. ఎంత ఆలస్యమైతే అంత మంచిది.”

ఆయన తలూపి వెళ్ళాడు. రెండడుగులు వేసి వెనక్కి తిరిగాడు. “కుబల్లానా? కుబల్లా పేరు ఈ పొద్దున హాజరులో లేదే.”

“ఆలస్యంగా వచ్చి ఉంటాడు,” అన్నాను. ఆయన పోయాడు. ఆ మాట నా చెవిలో ముల్లులా ఉండిపోయింది. కానీ చక్రం వదిలి కదలలేను, మళ్ళీ ఎవరైనా వచ్చి చెయ్యేస్తారేమోనని. గడియారం చూస్తూ నిలబడ్డాను. పదిన్నర. పదీ నలభై. కింద తొట్టిలోకి మైనం ఇంకా కారుతూనే ఉంది, సన్నగా, తెల్లగా.

పదీ యాభైకి హానె పరిగెత్తుకుంటూ వచ్చింది. ఒక చేతిలో గుడ్డ పేలిక, రెండో చేత్తో జారిపోతున్న శాలువా.

“అక్కా! చూడు! ముందు రెండూ గోధుమరంగు తిరిగాయి, ఇది చూడు!”

పేలిక తెల్లగా ఉంది.

“ఎంతసేపు ఉంచావ్?”

“అయిదు నిమిషాలు. గడియారం చూసే ఉంచా. నమ్మకం లేక ఇంకో రెండు నిమిషాలు కూడా ఉంచా.”

తొమ్మిది రోజుల్లో మొదటి నిజమైన తెలుపు అది. ఇద్దరం కావలించుకున్నాం. నేను ఏడ్చాను, సిగ్గేముంది, పిచ్చిదానిలా ఏడ్చాను. పదవే, మీ నాన్నకి చూపిద్దాం, ఆ ముసలాణ్ణి ముద్దు పెట్టుకుంటా ఇవాళ, అన్నాను. కొలిమి కావలికి ఆవిరి పనివాణ్ణి పెట్టి, గడ్డకట్టిన మంచు మీద జారుతూ గ్యాస్ ఇంటికి పరిగెత్తాం.

పెరటి అవతలి చివర బ్రిటిష్ కారు ఆగి ఉంది. పాత కొలుముల దగ్గర డాక్టర్ ల్యూడర్స్ చేతులు ఊపుతూ ఏదో చెబుతున్నాడు, మేజరూ ఇంకో ఇద్దరూ వింటున్నారు. దూరం నుంచే పలక చూశాను. పక్కపక్క మేకులకి రెండూ వేలాడుతున్నాయి. అమ్మయ్య అనుకున్నాను. కుబల్లా నిజంగానే వచ్చాడు.

దగ్గరికి వచ్చాక చూశాను.

ఒక మేకుకి డ్రైలింగ్ బిళ్ళ ఉంది. రెండో మేకుకి ఉన్నది బిళ్ళ కాదు. ఇత్తడి రంగులో కనిపించింది ఒక పాత కాగితం, మధ్యలో చిల్లు చేసి గుచ్చి ఉంది. బరువుపని రేషన్ కార్డు. పేరు చోట ఆగస్ట్ డ్రైలింగ్. కింద పెన్సిలుతో, వంకర టింకర అక్షరాల్లో, ‘మా హానెకి’.

దూరం నుంచి చూసేవాడికి రెండు కనబడాలి, ఎవడూ గంట కొట్టకూడదు. అందుకే పెట్టాడు. బయటికి రాకపోతే అది కూతురికి చేరాలి. అందుకూ పెట్టాడు.

నా బిళ్ళ మెడలోంచి తెంపి, ఆ కార్డు తీసి, ఆ మేకుకి నా బిళ్ళ తగిలించాను. ఇక ఒంటి బిళ్ళ కాదు. తలుపు లాగాను. రాలేదు. రెండు చేతులా లాగాను, కాలు గోడకి తన్నిపెట్టి లాగాను. లోపలి నుంచి గడియ వేసి ఉంది. “బాబాయ్!” అని అరిచాను. తలుపు బాదాను. లోపల గ్యాసు పోతున్న హోరు తప్ప ఏమీ వినబడలేదు.

ఇక మిగిలింది గంట. ఆ తాడు లాగితే పదిమందీ వస్తారు, తలుపు పగలగొడతారు. అదే తాడు గ్యాసు ఆపేస్తుంది. మేజర్ చూస్తుండగా ఏడో కొలిమి చల్లారుతుంది, ఆయన లోపల దేనికి దిగాడో అదే పోతుంది.

తాడు వైపు తిరిగేసరికి అది అప్పటికే హానె చేతుల్లో ఉంది. రెండు చేతులా పట్టుకుని నిలబడింది. కానీ తాడు కదలడం లేదు. పెరట్లోంచి డాక్టర్ ల్యూడర్స్ గొంతు దగ్గరవుతోంది. “ఇటు దయచేయండి, ఏడో కొలిమి ఇటు.”

హానె నా వైపు చూడలేదు. మంచులో పడిపోయిన ఆ పేలిక వైపు చూస్తోంది. తెల్లటి మంచు మీద తెల్లటి గుడ్డ.

“పని అయిపోయిందిగా అక్కా,” అంది నెమ్మదిగా. “పది నిమిషాల కిందే అయిపోయిందిగా. మరి నాన్న రాలేదేం?”